లోడు లేని రాత్రి

క్రాన్ పట్నం, కోక్రా లోయ అంచున
ఒకప్పుడు టెలిఫోన్లు చేసిన కర్మాగారం, రెండో అంతస్తు.
కిటికీ బయట మంచు అడ్డంగా పడుతోంది.
మిలోయ్కా బల్ల మీద అరచేతంత పచ్చ బోర్డు,
దాని మీద నెత్తి ఉబ్బిన కెపాసిటరు.
కొండ మీది రోప్‌వే స్టేషను నుంచి తిరిగొచ్చిన వాటిలో
ఇది మూడోది.

అత్యవసర ఫోనుకు కరెంటిచ్చే డబ్బా.
పన్నెండు వోల్టులు చాలన్నారు.
ఎవరైనా మాట్లాడుతున్నంతసేపూ
పన్నెండే ఇస్తుంది, పొల్లు పోదు.
కానీ అక్కడ మాట్లాడేదెవరు?
అక్టోబరు నుంచి ఒక్కసారి మోగింది,
అదీ ఓ పిల్లాడు సరదాకి నొక్కితే.

ఫ్లైబ్యాక్ చేసేదింతే:
స్విచ్చి మూసినప్పుడు
ట్రాన్స్‌ఫార్మర్ గుండెలోని సన్నటి గాలి చీలిక
ఓ గుక్క శక్తిని దాచుకుంటుంది,
తెరవగానే అవతలి చుట్టలోకి వదిలేస్తుంది.
గుక్క ఎంత చిన్నదైనా సున్నా కాదు.
తాగేవాళ్ళు లేకపోతే
గుక్క మీద గుక్క,
పన్నెండు పదమూడవుతుంది,
అర్ధరాత్రికి పదిహేడు.
నిండుకుండ తొణకదంటారు.
నిజమే, తొణకలేదు.
నెత్తి ఉబ్బింది.

"పని లేనప్పుడు పడుకోమని చిప్పుకు చెప్పు"
అన్నాడు గోరజ్ద్, పక్క బల్ల మీంచి.
శుక్రవారం అతని ఆఖరి రోజు.
సొరుగులోంచి ముప్పై ఎనిమిదేళ్ళ స్క్రూలు తీసి
సైజుల వారీగా సీసాల్లో పోస్తున్నాడు,
ఎవరి కోసమో.

మిలోయ్కా చెప్పి చూసింది. చిప్పు పడుకుంది.
అప్పుడు బయటపడింది అసలు చిక్కు:
దానికి అవతలి ఒడ్డు కనబడదు.
ఒక పల్సు పంపి,
మూడో చుట్టలో దాని మారుమోత విని,
అక్కడ ఎంతుందో లెక్కగడుతుంది.
అడగాలంటే పంపాలి.
పంపితే పెరుగుతుంది.
బాగున్నారా అని అడగడానికొచ్చి
ప్రతిసారీ బుట్టెడు ఆపిల్ పళ్ళు దించిపోయే
మేనత్తలా ఉందే ఇది, అనుకుంది.
రాడోవ్లిట్సాలో నిజంగానే ఉందా మేనత్త.
తినే నోళ్ళు లేక
సెల్లారంతా మాగిన పళ్ళ వాసన.

జెనరును కాపలా పెట్టింది.
పదిహేను దాకా కునుకు తీసి
ఆ తర్వాత మేలుకునే కాపలా. లాభం లేదు.
ఇక మిగిలింది పాత ఉపాయం,
వాడుకునేవాళ్ళు లేని చోట
వాడుకునేవాణ్ణి కూర్చోబెట్టడం.
పది కిలో ఓముల రెసిస్టరు:
ముల్లు పదహారు దాటి ఆగింది.
రెండు పాయింట్ రెండు: పన్నెండు,
కానీ తిండి మరీ ఎక్కువ, కొన్నవాళ్ళు ఒప్పుకోరు.
నాలుగు పాయింట్ ఏడు.
సోల్డరు పొగ దీపం చుట్టూ ఒక చుట్టు తిరిగి పోయింది.
పన్నెండు.
కాఫీ చల్లారేదాకా చూసింది. పన్నెండే.

గోరజ్ద్ లేచి వచ్చాడు.
"ఊరికే వేడెక్కడానికి జీతమిచ్చి పెట్టుకున్నావన్నమాట"
అన్నాడు.
వంగి, వెనకటి అలవాటు,
పై పెదవిని రెసిస్టరుకు ఆనించి చూశాడు.
వేలికి తెలియని వెచ్చదనం పెదవికి తెలుస్తుంది.
చాలాసేపు అలాగే ఉన్నాడు.
"ఉంది" అన్నాడు. "కొంచెం."

మార్చిలో రోప్‌వే నుంచి జ్వోంకా ఫోను చేసింది.
డబ్బాలు బాగానే ఉన్నాయి, గొడవ అది కాదు.
ప్రతి మంగళవారం ఓ ముసలాయన పైకొచ్చి
అత్యవసర మీట నొక్కుతున్నాడు.
ఏమైందంటే ఏమీ కాలేదంటాడు.
మీ కంపెనీ మనిషినంటాడు.

మిలోయ్కా ఒక్క క్షణం ఆగింది.
"ఎంతసేపు మాట్లాడతాడు?"

"నలభై సెకన్లు.
అక్కడ మంచు పడుతోందా అని అడుగుతాడు.
ఆయనున్నదీ అక్కడే కదా."